హిల్కా పేపరు, మార్తా గిన్నె

ఫిన్లాండ్‌లో తూర్పున, సావో సీమ సరస్సుల మధ్య ఉన్న లహ్నవేసి ఊళ్ళో ఒకప్పుడు ఎవరినీ బీపీ గురించి అడక్కూడదు. అడిగారో, ఇక ఆ పూటకి మీరు కదలలేరు. చేపల కొట్టువాడైనా, బస్సు డ్రైవరైనా, చర్చి గంట కొట్టే ముసలాయనైనా చొక్కా చెయ్యి పైకి మడిచి, "మా సావో సీమవాళ్ళ రక్తం మీద మందు పనిచెయ్యదండీ, సైన్సే చెప్పింది" అని మొదలుపెట్టేవారు. చెప్పేటప్పుడు ఆ మొహాల్లో దిగులేమైనా కనిపించేదా అంటే, అబ్బే! పందెంలో గెలిచినంత సంబరం. జబ్బును కూడా గొప్పగా చెప్పుకునే అదృష్టం వాళ్ళకు తెచ్చిపెట్టింది హిల్కా తొస్సవైనెన్.

హిల్కాది మందుల పరిశోధన. కొత్త మందులు కనిపెట్టడం కాదు. ఉన్న మందు మనిషి ఒంట్లోకి వెళ్ళాక ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చెయ్యదు, ఎందుకు చెయ్యదు అని కూపీ లాగడం. దాన్ని క్లినికల్ ఫార్మకాలజీ అంటారు. అంత మాట పలకడానికి బద్ధకించి ఊరివాళ్ళు ఆమెను "మాత్రల హిల్కా" అనేవారు. ఆమె కూడా ఫోనెత్తి "మాత్రల హిల్కాను" అనే చెప్పేది.

ఈ పిచ్చి ఆమెకు తండ్రి దగ్గర మొదలైంది. ఆయనకు డాక్టరు బీపీ మాత్రలు రోజుకొకటి వేసుకోమని రాసిచ్చాడు. ఆయనేమో ఆదివారం చర్చికి బయలుదేరే ముందు మాత్రమే వేసుకునేవాడు. "ఇంత మంచి మాత్రల్ని ఉత్త రోజుల్లో తగలేస్తామా?" అనేవాడు. చిన్నారి హిల్కా చర్చిలో ప్రార్థన మానేసి తండ్రి చెంపల వంకే చూస్తూ కూర్చునేది, ఆ ఎరుపు ఎప్పుడు తగ్గుతుందా అని. అది తగ్గేదీ కాదు, ఆమె చూడ్డం మానేదీ కాదు. పెద్దయ్యాక అదే చదువైంది, ఉద్యోగమైంది, బతుకైంది.

యూనివర్సిటీలో చేరి ఏళ్ళు గడిచినా ఆమె రాసిన పరిశోధన పేపర్లకు పెద్ద పేరేం రాలేదు. "నా పేపర్లు చదివేది ప్రపంచంలో ఇద్దరు. నేనూ, అచ్చుతప్పులు దిద్దేవాడూ" అని తనే నవ్వేది. అయినా కేకు మాత్రం తెచ్చేది. ఆ విభాగంలో కట్టుబాటు అది. ఎవరి పేపరు అచ్చయితే వాళ్ళు మధ్యాహ్నం కాఫీ వేళకు కేకు తేవాలి. తేకపోతే విభాగాధిపతి ఉర్హో కాఫీ కప్పుతో సహా వాళ్ళ గది గుమ్మంలో నిలబడి, ఏమీ మాట్లాడకుండా, అలా చూస్తూ ఉండేవాడు. ఆ చూపు తట్టుకోవడం కంటే కేకు తేవడమే తేలిక.

తరవాత వచ్చింది ఆ పేపరు.

నీరు తీసే బీపీ మాత్ర ఒకటుంది. పాతది, చవకది, లోకమంతా వాడేది. దాన్ని హిల్కా రెండు చోట్ల పరీక్షించింది. ఒకటి పడమటి తీరంలో వేరేవాళ్ళ వార్డు. రెండోది లహ్నవేసిలో తన సొంత వార్డు, పాత చెక్క భవనంలో. ముందుకొచ్చిన జనాన్ని వారాల తరబడి వార్డులోనే ఉంచి, తూచిన తిండి పెట్టి, ఉప్పు సహా కొలిచి ఇచ్చి, రక్తం తీసి చూశారు. పడమటివాళ్ళకు బీపీ చక్కగా దిగింది. సావో వాళ్ళకు దిగనంటే దిగనంది. పైగా రక్తంలో పొటాషియం మాత్రం దభీమని పడిపోయింది. ఒకే మాత్ర, ఒకే తిండి. ఇంకేం తేడా ఉంటుంది? పుట్టుకే తేడా, రక్తంలోనే ఏదో ఉంది అని హిల్కా రాసింది.

అంతే, పట్టపగ్గాల్లేవు. ఎక్కడెక్కడివాళ్ళో తమ వ్యాసాల్లో ఆ పేపరును చెప్పుకున్నారు. పాఠ్యపుస్తకాల్లోకి "తొస్సవైనెన్ తీరు" అని ఎక్కింది. లిస్బన్ పిలిచింది, ఒసాకా పిలిచింది. ఆ రోజు తెచ్చిన కేకు రెండంతస్తులది. దాన్ని కోసింది వార్డు హెడ్‌నర్సు మార్తా. "ఇన్నాళ్ళకి మా పిల్ల పేరు నలుగురి నోళ్ళలో నానుతోంది" అని అందరికీ వడ్డించి, తనకు మిగిలిన ముక్కలో సగం మళ్ళీ హిల్కా ప్లేటులోనే పడేసింది. హిల్కాకు అప్పటికే ఒక ప్రొఫెసరు పదవి, రెండు కళ్ళజోళ్ళు ఉన్నాయి, అయినా మార్తా లెక్కలో పిల్లే.

అలా ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. మార్తా రిటైరైంది. పాత చెక్క భవనం కూల్చేసి, గాజుతో మిలమిలలాడే కొత్త భవనం కట్టారు. అందులో కుర్చీ జరపాలన్నా నియమమే. తినేది ఏదీ రోగుల గదుల్లో కనపడకూడదని గోడల మీద రాసి పెట్టారు. అక్కడికే ఇనారి వచ్చి చేరింది.

ఇనారి హిల్కా దగ్గర డాక్టరేట్ చేయడానికి వచ్చిన అమ్మాయి. మొండిది, పనిలో కచ్చితమైనది. సావో రక్తంలో దాగున్న ఆ "ఏదో" ఏమిటో పట్టుకోవడం ఆమె పని. పట్టుకోవాలంటే ముందు అది కళ్ళబడాలి కదా. అందుకని అదే మాత్ర, అదే సావో జనం, అదే తూచిన తిండి పెట్టి పరీక్ష మళ్ళీ చేసింది.

తీరా చూస్తే ఏమీ లేదు. సావో వాళ్ళకు బీపీ బుద్ధిగా దిగింది. పొటాషియం ఉన్నచోటే ఉంది.

"మాత్రలు తారుమారు చేశావేమో చూసుకో" అన్నాడు ఉర్హో కాఫీ బల్ల దగ్గర.

"చూశాను."

"వచ్చినవాళ్ళు నిజంగా సావో వాళ్ళేనా? అడిగినదానికి సూటిగా జవాబిచ్చారంటే వాళ్ళు సావో వాళ్ళు కాదు."

అందరూ నవ్వారు. ఇనారి నవ్వలేదు. హిల్కా కూడా ఆ నవ్వులో కలిసి, "మళ్ళీ చెయ్యి, ఈసారి కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి" అనేసింది. అన్న మరుక్షణమే ఆ పిల్ల మొహం చూసి నాలిక కరుచుకుంది కానీ, అన్నమాట అన్నదే.

ఇనారి మళ్ళీ చేసింది. ఫలితం మళ్ళీ అదే. ఈసారి నేరుగా హిల్కా గదిలోకి వచ్చి తలుపు మూసింది.

"హిల్కా, నువ్వు నన్ను నమ్ముతున్నావా లేదా? అది చెప్పు ముందు."

"నమ్మకపోవడమేంటి..."

"నమ్మట్లేదు. ఎవరూ నమ్మట్లేదు. నీ పేపరు తప్పయ్యే ప్రసక్తే లేదు కాబట్టి తప్పు నాదే అయ్యుండాలి, అంతేగా? ఇలాంటి థీసిస్ ఎవరు ఒప్పుకుంటారు? పోనీ నేను మానేసి వెళ్ళిపోతాను, నీకూ హాయి, నాకూ హాయి." అంటూనే ఏడ్చేసింది. ఏడుస్తూనే హిల్కా బల్ల మీది కాగితం రుమాళ్ళన్నీ వాడేసింది.

హిల్కాకు పాపమనిపించింది. ఒళ్ళూ మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఆ శనివారం మార్తా ఇంటికి వెళ్ళింది, ఆవిరి స్నానానికి.

సరస్సు ఒడ్డున మార్తాకు ఒక చెక్క గుడిసె, పక్కనే ఆవిరిగది ఉన్నాయి. ఇద్దరూ కాగిన రాళ్ళ మీద నీళ్ళు చల్లి, బర్చ్ చెట్టు రెమ్మల కట్టలతో వీపులు బాదుకుని, నీళ్ళలో ఒక మునక వేసి, తువ్వాళ్ళు చుట్టుకుని వరండాలో కూర్చున్నారు. వేసవి సాయంత్రం, ఎండ ఇంకా దిట్టంగానే ఉంది. మార్తా చేపలు కూరి కాల్చిన రొట్టె కోసింది. లోపలికెళ్ళి ఒక నీలం గాజు గిన్నె తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. దాని నిండా సల్మియక్కి బిళ్ళలు. అతిమధురం రసంలో ఉప్పూ నవసారమూ కలిపి చేసే నల్లటి బిళ్ళలు. కొత్తవాళ్ళు నోట్లో వేసుకుంటే ఉమ్మేసి డాక్టరు దగ్గరికి పరిగెడతారు. సావోలో పసిపిల్లలకు పళ్ళు రాకముందే ఇవి అలవాటవుతాయి.

హిల్కా ఒకటి నోట్లో వేసుకుంది, తరవాత ఇంకొకటి. "ఇది మన వార్డు గిన్నెలా ఉందే?"

"అదే. నేను రిటైరైనప్పుడు తెచ్చేసుకున్నా. కొత్త మేడలో పెట్టనివ్వరుగా మహారాణులు! పాత వార్డులో అయితే ఆ పేకాట బల్ల మీదే ఉండేది. పొద్దున నింపితే మధ్యాహ్నానికి అడుగు కనబడేది. మళ్ళీ నింపేదాన్ని."

"అంతమంది తినేవాళ్ళా?"

"తినరూ? నువ్వేమో అన్నం మెతుకుల్లెక్కన తూచి పెట్టేదానివి. పాపం ఎదిగిన మగాళ్ళు, రంపాలు పట్టిన చేతులు, ఆకలికి నకనకలాడేవాళ్ళు. ఇవైనా చప్పరించమని నేనే గిన్నె ముందుకు తోసేదాన్ని."

హిల్కా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. "మార్తా, అక్కడ పెట్టిన తిండి తప్ప ఇంకేం తినకూడదని చెప్పాను కదే."

"చెప్పావు. నేనేమైనా తిండి పెట్టానా? సల్మియక్కి తిండి ఎట్లా అవుతుందే, నీ మొహం!"

ఇప్పుడు హిల్కా సంగతి చెప్పాలి. అతిమధురం ఎక్కువ తింటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఈ సంగతి ఆమెకు తెలియనిదా? ప్రతి ఏడూ చదువులు మొదలయ్యే కాలంలో కొత్తగా చేరిన విద్యార్థులకు ఆమె చెప్పే పాఠమే అది. బోర్డు మీద అతిమధురం మొక్క బొమ్మ కూడా వేసేది. పాఠం చెప్పి, వార్డుకొచ్చి, ఆ నీలం గిన్నెలోంచి ఒక బిళ్ళ తీసి నోట్లో వేసుకుని, అప్పుడు గదిలోకి వెళ్ళి పనిలో కూర్చునేది. అలా ఎన్నేళ్ళో! వచ్చినవాళ్ళందరినీ కాఫీ తాగారా, సారా తాగారా, ఆకులు అలములు ఏమైనా మింగారా అని వాకబు చేసింది కానీ సల్మియక్కి మాటే అడగలేదు. గాలి పీల్చారా అని ఎవరైనా అడుగుతారా! పడమటి వార్డులో గిన్నె లేదు. కొత్త భవనంలో గిన్నె లేదు. గిన్నె ఉన్నది ఒక్కచోటే.

రక్తం కాదు, పుట్టుక కాదు. గిన్నె.

"ఏమైందే, పాలిపోయావు?" అంది మార్తా.

"ఏం లేదు. ఆవిరి ఎక్కువైనట్టుంది." నోట్లో బిళ్ళ ఉమ్మలేక, మింగలేక, హిల్కా సరస్సు వంక చూస్తూ కూర్చుంది. మార్తాకు ఆ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆకలిగా ఉన్నవాళ్ళకు ఏదో ఒకటి పెట్టిన మనిషిని పట్టుకుని, నీ గిన్నె నా బతుకు ముంచిందని ఎలా అంటుంది?

సోమవారం ఉర్హోకు చెప్పింది. అతను వింటూ వింటూ కాఫీ చల్లార్చేసుకున్నాడు. అతను అలా చేయడం ఎవరూ చూసి ఎరగరు.

"ఇంకెవరికి తెలుసు?"

"నాకు. ఇప్పుడు నీకు."

"అయితే ఇక్కడితో ఆపెయ్. నేను చెడ్డవాణ్ణి కాదు హిల్కా, నీ మంచికే చెబుతున్నా. ఇంకొన్నాళ్ళలో రిటైరవుతావు. నీ పేరున్న పుస్తకాలు లోకంలో ఉన్నాయి. ఆ అమ్మాయికి ఇంకో అంశం ఇద్దాం, హాయిగా రాసుకుంటుంది."

"ఏమని ఇవ్వను? పని సరిగ్గా చేశావు కాబట్టి మళ్ళీ మొదటికెళ్ళు అనా?"

"ఆ పేపరు తీసేస్తే నీకేం మిగులుతుంది?"

ఆ మాట సూదిలా దిగింది. హిల్కా లేచి వచ్చేసింది. నిజమే, ఏం మిగులుతుంది? ఇద్దరు చదివిన పేపర్లు మిగులుతాయి. బస్ స్టాపులో కూర్చుని ఆమె నిజంగానే కళ్ళు తుడుచుకుంది. ఆ పేరంటే ఆమెకు ఇష్టం. ఇష్టం లేదని నటించడం ఎందుకు? పుస్తకంలో తన ఇంటిపేరు చూసినప్పుడల్లా ఆదివారం మాత్ర మింగే తండ్రి గుర్తొచ్చేవాడు. చూడు నాన్నా, అనుకునేది.

పక్కన ఒక పెద్దాయన వచ్చి కూర్చుని చెప్పుల పట్టీ వదులు చేసుకున్నాడు. చీలమండలు బూరెల్లా పొంగి ఉన్నాయి. ఆమె చూడటం చూసి కాలు ముందుకు చాచాడు, ఏదో బహుమతి చూపిస్తున్నట్టు.

"బీపీ మాత్రకి ఇలా వాచాయమ్మా. సాయంత్రమైతే బూటు ఎక్కదు."

"మాత్ర మార్చమనలేకపోయారా? నీరు తీసే పాత మాత్ర ఉందిగా, దానికి కాళ్ళు వాయవు."

"అది మనకి రాయరుగా! మన సావో రక్తానికి అది పట్టదు. తొస్సవైనెన్ అని ఇక్కడి ఆవిడే కనిపెట్టింది, తెలీదా నీకు?" అని ఆయన ఆమె వంక జాలిగా చూశాడు, ఎక్కడో మారుమూలనుంచి వచ్చిందేమోనని. "మామూలు మనుషులం కాదమ్మా మనం."

హిల్కా ఆ కాళ్ళు చూసింది. బస్సు వచ్చింది, ఆయన కుంటుకుంటూ ఎక్కాడు. ఆమె ఎక్కలేదు. వెనక్కి తిరిగి గాజు భవనానికి నడిచి ఇనారి గది తలుపు తట్టింది.

"నీ పరీక్షలో తప్పు లేదు" అంది గుమ్మంలో నిలబడే. "నా పరీక్షలో ఉంది. రా, కూర్చో, చెబుతా. ఆ రోజు నలుగురిలో అన్నమాటకి నన్ను క్షమించు. అది కూడా నలుగురిలోనే చెబుతాను."

ఇనారి విన్నది. మొదట నోరు తెరిచింది, తరవాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, చివరికి ఆపుకోలేక పకపకా నవ్వేసింది. "గిన్నెనా? సల్మియక్కి గిన్నెనా? హిల్కా, మొక్క బొమ్మ గీసి మరీ పాఠం చెప్పావు కదా నువ్వు మాకు!"

"నవ్వు, నవ్వు. నవ్వడం అయ్యాక పని చూద్దాం. అనుమానం చాలదు, తేల్చాలి."

తేల్చారు. అనుమతి కోసం కొత్త భవనం పెద్దలను బతిమాలడం ఒక పెద్ద కథ, దాన్ని వదిలేద్దాం. అందరికీ మాత్ర ఇచ్చి, సగం మందికి దాంతో పాటు రోజూ సల్మియక్కి ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ళు అలిగారు, మా పాపం ఏంటని గొడవపెట్టారు. ఫలితం చూస్తే తిన్నవాళ్ళందరికీ "తొస్సవైనెన్ తీరు" కొట్టొచ్చినట్టు కనబడింది. తిననివాళ్ళకు దాని జాడే లేదు. అప్పుడు హిల్కా కూర్చుని, పత్రికకు తనే స్వయంగా రాసింది, ఆ పేపరు తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను, తూర్పువాళ్ళకు ఆ మాత్ర నిక్షేపంగా పనిచేస్తుంది అని. రాసి పంపాక ఆమెకు ఆశ్చర్యంగా ఆకలేసింది.

అది అచ్చయిన రోజు కాఫీ బల్ల మీద ఒక కేకు వెలసింది. డైమండు ఆకారం, బొగ్గులా నలుపు, సల్మియక్కి పూత.

"ఏ పేపరుకి ఇది?" అన్నారు ఎవరో.

"వెనక్కి తీసుకున్నదానికి" అంది హిల్కా. "వచ్చినప్పుడు రెండంతస్తుల కేకు తిన్నారుగా మీరంతా. పోయేటప్పుడు కూడా తినాలి. ఇంకోమాట. ఇనారిని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యమన్నాను ఇదే బల్ల దగ్గర. ఒళ్ళు దగ్గర పెట్టుకోనిది నేను. క్షమించు ఇనారీ."

ఎవరూ కేకు ముట్టుకోలేదు. ఇనారి తల వంచుకుని చెంచాతో ఆడుతోంది. అప్పుడు ఉర్హో లేచాడు. ప్లేటు తీసుకుని, అందరికంటే పెద్ద ముక్క కోసుకుని, నిలబడే నోట్లో పెట్టుకున్నాడు.

"బాగానే ఉంది" అన్నాడు. సావోలో ఒక వంటకు అంతకంటే పెద్ద మెప్పు లేదు. "హిల్కా, నువ్వు ఇలా వెనక్కి తీసుకునేవి ఇంకా ఉన్నాయా?" దాంతో అందరూ ఒక్కసారిగా ప్లేట్ల మీద పడ్డారు.

మార్తాకు మాత్రం హిల్కా ఏమీ చెప్పలేదు. ఇనారి థీసిస్‌లో కూడా "వార్డులో అందుబాటులో ఉన్న అతిమధురం బిళ్ళలు" అని రాయించింది తప్ప గిన్నె మాట, మనిషి మాట రానివ్వలేదు. కానీ థీసిస్‌ను నలుగురి ముందు సమర్థించుకునే రోజున ఇనారి ఊరందరితో పాటు మార్తాను కూడా పిలిచింది. మార్తా తన చర్చి టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

వేదిక మీద నల్ల గౌనుల్లో ముగ్గురు. ఒక పక్క ఇనారి, ఎదురుగా ఆమెను ప్రశ్నలడిగి నిలదీయడానికి స్వీడన్ నుంచి వచ్చిన ప్రొఫెసరు, మధ్యలో సభ నడిపే కుర్చీలో హిల్కా. స్వీడన్ ఆయన మర్యాదగానే ముప్పుతిప్పలు పెట్టాడు. ఇనారి ఎక్కడా తొణకలేదు. అంతా అయ్యాక ఆనవాయితీగా సభ వైపు తిరిగి, "నా పరిశోధన మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే, సభాధ్యక్షురాలి అనుమతి అడిగి చెప్పవలసిందిగా కోరుతున్నాను" అంది. ఆ మాట అనడమే ఆనవాయితీ. లేచి నిలబడటం ఎవరూ ఎరగరు. కాఫీకి బయలుదేరేవాళ్ళు అప్పుడే కోట్లు సర్దుకుంటున్నారు.

మార్తా లేచింది.

కోట్లు సర్దుకుంటున్నవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. హిల్కా ఏం చెయ్యాలో తోచక, "మార్తాకి మాట్లాడే అవకాశం ఇస్తున్నాను" అంది నీళ్ళు నములుతూ.

"నాకు అభ్యంతరం ఉంది" అంది మార్తా టోపీ సర్దుకుని. "ఈ అమ్మాయి 'అందుబాటులో ఉన్న బిళ్ళలు' అంది. వాటంతట అవే వచ్చి అందుబాటులో కూర్చున్నాయా? గిన్నె నాది. నింపింది నేను. తినమన్నది నేను. ఇంతసేపూ కూర్చుని వింటుంటే ఇప్పుడు అర్థమైంది నాకు, హిల్కా ఎందుకు అలా పాలిపోయిందో. దానికేం తెలీదు పాపం, దాన్ని ఏమీ అనకండి. అనేదేదో నన్నే అనండి."

స్వీడన్ ప్రొఫెసరు ఇటూ అటూ చూశాడు. సభ నడిపే మనిషి అలాంటప్పుడు ఏం చెయ్యాలో ఏ నియమంలోనూ లేదు. హిల్కా కుర్చీలోంచి లేచి, గౌను అంచు తొక్కుకుంటూ కిందికి దిగి వచ్చి మార్తా ఎదుట నిలబడింది.

"అభ్యంతరం సరైనదే. కానీ సగమే సరైనది" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు వాళ్ళ ఆకలి చూశావు మార్తా. ఆ పని నీది, నువ్వు చేశావు. అడగడం నా పని. ఇవాళ సల్మియక్కి తిన్నారా అని ఒక్క ముక్క అడిగుంటే సరిపోయేది. ఇరవై ఏళ్ళు అడగలేదు. గిన్నె నీది, అడగని ప్రశ్న నాది."

"మరి ఆ సంగతి నాతో ముందే చెప్పొచ్చుగా, మొద్దు మొహమా" అంది మార్తా ముక్కు తుడుచుకుంటూ. హాలంతా నవ్వులు చప్పట్లు కలిసిపోయాయి. వేదిక మీద ఇనారి గబగబా ఏదో రాసుకుంటోంది.

ఆ రాసుకున్నదేమిటో తరవాత తెలిసింది. ఇనారి ఆ పై ఏడు రాసిన పేపరులో, బీపీ మందు ఎవరికి ఇవ్వబోయినా, ఎవరి మీద పరీక్షించబోయినా ముందు ఒక ప్రశ్న అడగాలని, దాన్ని తొస్సవైనెన్ ప్రశ్న అనాలని ప్రతిపాదించింది. రాసినవాళ్ళ పేర్లలో ఇనారి, హిల్కా, వాళ్ళ వెనక మార్తా. మార్తా కేకు తేవలసి వచ్చింది. రెండంతస్తులకు ఒప్పుకోనంది, మూడంతస్తులది తెచ్చింది.

ఇదంతా జరిగి చాలాకాలమైంది. హిల్కా ఇప్పుడు రిటైరై, సరస్సు అవతలి ఒడ్డున తండ్రి ఇంట్లోనే ఉంటోంది. తండ్రిలాగే ఆమెకూ బీపీ వచ్చింది. మొన్న ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళితే కొత్త నర్సు, చాలా చిన్నపిల్ల, చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది.

"కొంచెం ఎక్కువే ఉంది. ఒక ప్రశ్న అడగాలి, తప్పనిసరి. దీన్ని తొస్సవైనెన్ ప్రశ్న అంటారు." అంటూనే కంప్యూటరు తెర వంక చూసి ఆగింది. "అరె, నీ ఇంటిపేరు కూడా అదేనే! ఆవిడ నీకేమైనా అవుతుందా?"

"ఏదో దూరపు చుట్టం" అంది హిల్కా, మాట కాస్త ముద్దగా. "సావోలో చెట్టుకొక తొస్సవైనెన్ ఉంటాం."

"సరే, అడుగుతున్నా. ఇవాళ సల్మియక్కి తిన్నావా?"

హిల్కా నోట్లోని బిళ్ళను మెల్లగా ఎడమ బుగ్గ నుంచి కుడి బుగ్గకు మార్చుకుంది. తండ్రి గుర్తొచ్చాడు. లేదనేస్తే సరిపోతుంది, ఎవరికి తెలుస్తుంది? కానీ ఇన్నేళ్ళూ ఆమె ఎదురుచూసింది ఎవరైనా ఆ ప్రశ్న అడుగుతారనే.

"తిన్నాను" అంది. "ఇంకా తింటున్నాను."

"అయ్యో, ఇలాగైతే ఎట్లా! ఆ ప్రశ్న కనిపెట్టినావిడ వింటే ఏమనుకుంటుంది?"

"ఏమనుకోదులే" అంది హిల్కా చొక్కా చెయ్యి దించుకుంటూ. "ఆవిడ సంచిలో ఇంకో పొట్లం ఉంది."